లాభం

మా వైపు కొలతకు కూర్చున్నవాడెవడూ
ఒకటి అనడు.
మొదటి కుంచాన్ని లాభం అంటాడు,
ఆ తర్వాత రెండు, మూడు.
ధాన్యమైనా, కాయలైనా, తాడైనా అంతే.

మా నానమ్మ దరియాబీ మాత్రం
లాభం అని ఒక బార చాచి,
మళ్ళీ కొత్తగా మొదలెట్టేది:
ఒకటి, రెండు, మూడు.

బోడసకుర్రు రేవులో పడవలవాళ్ళందరికీ తెలుసీ సంగతి.
ఇరవై బారలడిగితే ఇరవయ్యొకటి వస్తుంది.
"దూదేకుల ముసల్దానికి లెక్క రాదురా" అని
బీడీ పొగలో నవ్వుకుని
చుట్ట భుజాన వేసుకు పోయేవారు.
ఒక బారంటే ఎన్ని సమ్మెట దెబ్బలో, ఎంత పీచో
ఆమె అరచేతుల్ని అడగాలి.

నాకు తొమ్మిదేళ్ళు. ఎక్కాలొచ్చిన పొగరు.
"లాభమంటేనే ఒకటి నానమ్మా,
ఒకటే రెండుసార్లు కొలుస్తున్నావు"
అన్నాను అందరి ముందూ.
వినపడనట్టు తాడు చాచింది.

సాయంత్రం కాలవలో నానేసిన డొక్కలు పైకి తీస్తూ
ఆ కుళ్ళు వాసనలో, నడుం దాకా నల్లనీళ్ళలో నిలబడి అంది:
"జకాతంటే ఉన్నోళ్ళదిరా.
నలభైలో ఒకటని దానికో లెక్కుంది.
మనకేవుంది? రెండు చేతులు. చాస్తే ఒక బార.
ఇచ్చింది ఇచ్చినట్టు కనపడితే
పుచ్చుకున్నోడు తలొంచుకోవాలి కదా.
లెక్కరానిదాన్ననుకుంటే నవ్వుకుంటా పోతాడు."
కాసేపాగి,
"నవ్వు కూడా సదఖాయేనంట,
మసీదు సాయిబుగారు చెప్పారు" అంది.
ఆ రాత్రి మా ఇంట్లో గంజి.
నాకు నవ్వు రాలేదు.

ఎనభయ్యారులో గోదారి గట్టెక్కిన రాత్రి
ఆ ఎక్కువ బారే ఎవర్నో ఒడ్డుకు లాగిందంటే
కథ బాగుంటుంది.
లాగలేదు.
తాళ్ళు పోయాయి, కట్టేసిన గేదెలతో సహా.
గట్టు మీద పులిహోర పొట్లాలు పంచుతుంటే
నానమ్మ రెండోసారి వరసలో నిలబడిందని
ఎవరో నోటికొచ్చినట్టు తిట్టారు.
ఆ పొట్లం
జ్వరంతో లేవలేని గెద్దాడ మరియమ్మ పిల్లలకని
ఆమె చెప్పలేదు.
నేను చెప్పబోతే కాలు తొక్కింది.

ఇప్పుడు అంబాజీపేటలో నాకు దుకాణం.
నైలాను తాళ్ళు, కిలోల లెక్క,
గ్రాము తేడా రాని కాటా.
రంజాను నెలలో కాలిక్యులేటర్ ముందు కూర్చుని
రెండున్నర శాతం పైసలతో సహా తేలుస్తాను.
అల్లాకి నా దగ్గర బాకీ లేదు, అనుకుంటాను.
అలా అనుకున్న రాత్రి ఎందుకో
నిద్ర సరిగ్గా పట్టదు.

ఆమె పోయింది శ్రావణం ముసుర్లో.
ఖబరస్తాను కాలవ పక్కనే.
రెండడుగులు తవ్వేసరికి ఊట,
నాలుగో అడుక్కి మోకాళ్ళ లోతు నీళ్ళు.
జనాజా దించి, గొడుగుల కింద
ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డాం.

ఓలేటి ధర్మయ్య పిలవకుండానే వచ్చాడు,
పడవలో నీళ్ళు తోడే రేకు చిప్ప పట్టుకుని.
ముప్ఫై ఏళ్ళు ఆమె దగ్గర తాడు కొన్నవాడు,
బీడీ పొగలో నవ్వినవాళ్ళలో ఒకడు.
పంచె ఎగ్గట్టి గోతిలోకి దిగి
తోడుతున్నాడు, తోడుతున్నాడు,
ఊట కంటే వేగంగా, వాన కంటే వేగంగా.
అడుగున బంకమన్ను కనిపించాక
ఒక్కసారి తలెత్తి అన్నాడు:
"లెక్క బానే వచ్చండి ఆవిడకి.
మాకు తెల్దనుకున్నారా?"
మళ్ళీ వంగాడు.

అలవాటు కొద్దీ
నేను చిప్పలు లెక్కపెట్టబోయాను.
లాభం, అన్నాను లోపల.
తర్వాత ఏ అంకె రావాలో
తోచలేదు.